టోపీ తీయని రోజు

పారిస్, వంతెన మీద నుంచి
ఈస్టర్ అయిన మూడో రోజు

చెల్లీ పెరెట్,

నీ అన్న అన్సెల్మ్ రాస్తున్నాడు. చిన్నప్పుడు చర్చి గంటలు కొట్టే తాత మనిద్దరికీ నేర్పిన అక్షరాలే ఇవి. అప్పటి వంకర ఇంకా పోలేదు. నాకు రాయడం కంటే చెట్టెక్కి పిట్టలు అంటుకునే బంక పుల్లలు కట్టడం తేలిక. అయినా ఈ కబురు ఇంకొకరి చేత రాయించబుద్ధి కాలేదు.

కొత్త రాజుగారు కిరీటం పెట్టుకున్నాక మొదటిసారి మా ఊళ్లోకి వస్తున్నారు. నిన్న దండోరా వేశారు, జూన్ మొదటి రోజున అని. నగర పెద్దల మనిషి వచ్చి నా ముందు కాగితం చదివాడు. రాజు వంతెన ఎక్కగానే మేం పిట్టలవాళ్లం రెండు వందల డజన్ల పిట్టల్ని గాలిలోకి వదలాలట. పండుగ రోజుల్లో మా పంజరాలు ఈ వంతెన మీద తగిలించుకునే హక్కు మాకు అందుకే ఇచ్చారు, తాతల నాటి ఒప్పందం. రెండు వందల డజన్లు, పెరెట్. ఊరి చుట్టూ ఉన్న పొదలన్నీ దులిపినా అన్ని పిట్టలు రాలతాయో లేదో.

మావాళ్లలో ఇప్పుడు పెద్దవాణ్ణి నేనే. రాజు గుర్రం వంతెన ఎక్కగానే నేను టోపీ తీస్తాను. అదే గుర్తు. నా టోపీ లేస్తే అందరూ పంజరాల తలుపులు తీస్తారు. పోయిన రాజు వచ్చినప్పుడు నాన్న తీశాడు. ఆ రెక్కల చప్పుడుకి నువ్వు భయపడి బుట్ట కింద దూరావు, గుర్తుందా?

పక్క దుకాణం ఫ్లోరాన్, అదే ఆ బంగారం పనివాడు, మా పంజరాల రెట్ట తన గుమ్మం మీద పడుతుందని ముప్పై ఏళ్లుగా ఏడుస్తున్నాడు. రాజు నెత్తిన పట్టే పట్టుపందిరికి ఒక కర్ర మోసే పని వాడికి దొరికింది. పొద్దున్నే చీపురు కర్ర పట్టుకుని దుకాణం ముందు నడక నేర్చుకుంటున్నాడు. "ఏం ఫ్లోరాన్, వీధంతా నువ్వే ఊడుస్తావా?" అన్నాను. అప్పటి నుంచి మాటల్లేవు.

నికేజ్‌ని పంపు. వల లాగడానికి బలమైన చేయి కావాలి. ఉపవాసాల్లో వస్తానన్న మేనల్లుడు ఈస్టర్ అయినా రాలేదు. పెళ్లి చూపుల్లో మునిగాడా?

నీ అన్న, ఈ వంతెన మీద పెద్దవాడు,
అన్సెల్మ్


ఓర్లియాన్
ద్రాక్ష మొగ్గ విచ్చిన వారం, శుక్రవారం

అన్నయ్యా,

నీ ఉత్తరం వైన్ పీపాల బండివాడు తెచ్చి ఇచ్చాడు. ఫ్లోరాన్ చీపురు దగ్గర నవ్వాను. పెళ్లి చూపుల దగ్గర నవ్వలేకపోయాను. ఇన్నాళ్లూ నీకు రాయకుండా దాచాను. ఇక దాచలేను.

మార్చిలో తీగలు కత్తిరించేటప్పుడు గట్టు పక్క మాతురాన్‌కీ నికేజ్‌కీ గొడవ అయింది. ఒక్క వరస తీగ ఎవరిదని. మన వాడు పాతిన గుంజ పీకి కొట్టాడు. ఒక్కటే దెబ్బ. మాతురాన్ వెనక్కి పడ్డాడు, తల రాతికి తగిలింది. మూడో రోజున పోయాడు. అతని పెళ్లాం జకెట్‌ది మా ఎదురిల్లే. నేను తలుపు తీస్తే ఆవిడ తలుపు వేసుకుంటుంది.

నికేజ్ నది అవతల అడవిలో, బొగ్గులు కాల్చేవాళ్ల గుడిసెలో దాక్కున్నాడు. దొరికితే ఉరే.

మా ఊరి సంగతి నీకు తెలుసు. కొత్త బిషప్ గారు మొదటిసారి ఊళ్లోకి వచ్చే రోజున జైల్లో ఎవరుంటే వాళ్లంతా ఆయన వెనక నడిచి బయటికి వచ్చేస్తారు. ముందు రోజు వెళ్లి కూర్చున్నవాడైనా సరే. ఎక్కడెక్కడి నుంచో వచ్చి మరీ జైల్లో చేరతారు. కానీ ఇప్పుడున్న బిషప్ గారికి డెబ్బై ఏడేళ్లు. మొన్న పండుగకి రెండు కోళ్లు తిన్నారట. ఆయన ఎప్పుడు పోవాలి, కొత్తాయన ఎప్పుడు రావాలి? ఇలా లెక్క వేసుకున్నందుకు నన్ను దేవుడే క్షమించాలి.

రాజుగారు బిషప్ కంటే పెద్ద కదా. ఆయన ప్రవేశానికి మీ ఊళ్లో కూడా అందరినీ వదిలేస్తారా? తెలిసినవాళ్లని అడిగి రాయి. అడిగే రాయి, అన్నయ్యా.

నీ పెరెట్


పారిస్
పునీత మార్కు పండుగ మర్నాడు, ఏప్రిల్ ఇరవై ఆరు

పెరెట్,

నీ ఉత్తరం చదివాను. మన నికేజేనా? పదేళ్లప్పుడు వలలో చచ్చిన పిట్టని చూసి అన్నం మానేసినవాడు. రెండోసారి చదివాను. అక్షరాలు మారలేదు.

అడిగి రాయమన్నావు. ఎవర్ని అడగమంటావు? నన్ను అడగడానికే జనం వస్తారు. జైలు మా వంతెన మొదట్లోనే ఉంది. రాజు ముందు జైలు దాటాలి, ఆ తర్వాతే మా వంతెన ఎక్కాలి. జైలు తలుపు తీస్తారు, ఖైదీలు తెల్ల చొక్కాలతో వచ్చి వీధిలో మోకరిస్తారు, ఆ వెంటనే మేం పంజరాలు తీస్తాం. మనుషుల్ని వదులుతున్నందుకే పిట్టల్ని వదలడం. నాన్న పక్కన నిలబడి నా కళ్లతో చూశాను. పిట్టల్లో కొన్నిటిని వదిలి కొన్నిటిని ఉంచుకుంటామా? మనుషులూ అంతే. అందరూ వస్తారు.

వాణ్ణి పంపు. నేనే చేయి పట్టుకుని జైలుకి తీసుకెళతాను. పాపమంతా కడుక్కుని ఇంటికి వస్తాడు. ఏడవకు. ఏడుపుతో తీగలు పెరగవు.

అన్సెల్మ్


ఓర్లియాన్
మే నెల మొదటి శనివారం

అన్నయ్యా,

వాడు ఈ రోజు బండెక్కాడు. ఖాళీ పీపాల మధ్య పడుకుని వస్తున్నాడు. నీకిష్టమని దానిమ్మ రంగు వచ్చేదాకా కాచిన క్విన్స్ పళ్ల హల్వా ఒక డబ్బా ఇచ్చాను. దారిలో తినేయకపోతే నీకు అందుతుంది.

ఎక్కేటప్పుడు, "అమ్మా, మామ ఖచ్చితంగా చెప్పాడా?" అన్నాడు. చెప్పాడన్నాను.

అన్నయ్యా, అడిగావు కదా?

పెరెట్


పారిస్
మే పన్నెండు

చెల్లీ,

హల్వా అందింది, సగం డబ్బా. మిగతా సగం ఎక్కడికి పోయిందో నీ కొడుకు మూతి చెబుతూనే ఉంది.

నిన్న పొద్దున వాణ్ణి జైలు దగ్గరికి తీసుకెళ్లాను. దారిలో వాడు నా పంజరాలన్నీ చూశాడు. భరతపక్షులు, జీనువాయిలు, ఎర్రమొహం పిట్టలు. "ఇన్నిటినీ ఒకేసారి వదులుతారా మామా?" అన్నాడు. "నిన్నూ వీటినీ ఒకేసారి" అన్నాను. నవ్వాడు. మార్చి తర్వాత ఇదే మొదటి నవ్వట.

జైలు గుమ్మంలో కాపలావాడు పేరూ నేరమూ రాసుకుని, "ఎవరు రమ్మన్నారు ఇతన్ని?" అన్నాడు. "నేను. పిట్టల అన్సెల్మ్‌ని" అన్నాను. వాడు నా మొహం చూసి నవ్వినట్టనిపించింది. వాడి నవ్వు నాకు నచ్చలేదు, కానీ జైలువాళ్ల మొహాలే అంత.

'అడిగావా, అడిగావా' అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తున్నావు. నీ అన్న మాట మీద నీకు నమ్మకం లేదా? ఒక్క సంగతి మాత్రం నిజం, రాజు దారిలో కట్టే కమానుల రంగు పని ఒకటో తేదీకి అవదని ప్రవేశం జూన్ పదకొండుకి జరిపారు. రాతివిలా కనిపించే ఆ కమానులు రాయి కాదు, పెరెట్. కర్రకి గుడ్డ చుట్టి రంగు పూశారు. దగ్గరికి వెళ్లి చూసి నివ్వెరపోయాను. నా పిట్టలు మాత్రం నిజం పిట్టలు. గింజలు తింటూనే ఉన్నాయి.

అన్సెల్మ్


ఓర్లియాన్
మే ఇరవై ఎనిమిది

అన్నయ్యా,

నీ మీద అనుమానం కాదు, తల్లి ప్రాణం. ఇక అడగను.

నికేజ్‌కి తెల్ల చొక్కా కుట్టాను. రాజుగారి ముందు మోకరించేటప్పుడు చిరుగు కనబడకూడదు కదా. ఉతికి గుమ్మం ముందు తాడు మీద ఆరేశాను. ఎదురింటి జకెట్ కిటికీలోంచి చూసింది. చూడనీ అనుకున్నాను. నా కొడుకు వస్తాడని తెలియనీ అనుకున్నాను. ఆవిడ చాలాసేపు చూసి కిటికీ వేసుకుంది.

చొక్కా ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. భుజాల దగ్గర కాస్త వదులు పెట్టాను.

సంతోషంతో,
పెరెట్


పారిస్
మే ఇరవై ఎనిమిది

పెరెట్,

నిలబడి చదవకు. కూర్చో.

ఈ రోజు రాజుగారి పాదిరీ జైలుకి వచ్చి, వదలవలసినవాళ్ల పేర్లు చీటీ మీద రాసుకుని వెళ్లాడు. గుమ్మంలో నిలబడి ఒక మాట చదివించారు. దండోరా వేసిన రోజు తర్వాత తమంతట తాము వచ్చి జైల్లో చేరినవాళ్లకి రాజు దయ వర్తించదట. వాళ్లు దయని వేటాడటానికి వచ్చారట. రక్తం చిందించినవాళ్లయితే నేరుగా కోర్టుకి.

అలా వచ్చినవాళ్లు పంతొమ్మిది మంది. అందులో పదకొండు మంది మీ ఓర్లియాన్ వైపు వాళ్లే. అందరూ మీ బిషప్ గారి లెక్కే వేసుకుని వచ్చారు. నికేజ్ పేరు చీటీలో లేదు.

ఈ సంగతి నాకు ఫ్లోరాన్ చెప్పాడు. వాడి చేతిలో చీపురు కర్ర ఉంది, వాడు మాత్రం నవ్వలేదు. "ప్రతి ప్రవేశానికీ ఇంతే కదా అన్సెల్మ్. మీ నాన్న కాలంలోనూ ఇంతే. చీటీలో ఉన్నవాళ్లే వస్తారు. నన్నడిగినా చెప్పేవాణ్ణి" అన్నాడు. నాన్న పక్కన నిలబడి నేను బయటికి వచ్చినవాళ్లనే చూశాను. లోపల ఉండిపోయినవాళ్లు నాకు కనబడలేదు.

వలలో ఒక పిట్టని దారంతో కట్టేసి కూయిస్తాం. దాని కూత విని మిగతావి దిగుతాయి. ఆ కూసిన పిట్టని నేనే.

అక్షరాలు కనబడకపోతే బండివాణ్ణి చదవమను.


ఓర్లియాన్
జూన్ రెండు

అన్నయ్యా,

అడగమన్నాను. రెండు ఉత్తరాల్లోనూ అదే రాశాను. నువ్వు అడిగావనుకుని నా కొడుకుని నా చేత్తో బండెక్కించాను.

ఇంతకంటే రాయలేను.


పారిస్
రాజు ప్రవేశించిన మర్నాడు, జూన్ పన్నెండు

పెరెట్,

నువ్వు నాకు రాయకపోయినా నేను రాయాలి. నిన్న జరిగింది ఇంకా నాకే నమ్మకంగా లేదు.

పొద్దుటి నుంచి ఊరేగింపు. సన్యాసులు, న్యాయాధికారులు, ఆరు సంఘాల వర్తకులు, కొత్త వెల్వెట్‌లో చెమటలు కక్కుతూ. చౌరస్తాలో నీటి గొట్టంలోంచి వైన్ కారుతుంటే జనం బూట్లు విప్పి వాటిలో పట్టుకుని తాగారు. మేం అరవై మందిమి వంతెనకి రెండు వైపులా పంజరాలతో నిలబడ్డాం. అందరి కళ్లూ నా టోపీ మీదే.

జైలు తలుపు తీశారు. ఇరవై ఆరుగురు బయటికి వచ్చారు. లెక్కపెట్టాను. ప్రతి మొహమూ చూశాను. ఇరవై ఏడోవాడి కోసం చూశాను. తలుపు మూసేశారు.

బాకాలు ఊదారు. తెల్ల గుర్రం వంతెన ఎక్కింది. నా చేయి టోపీ దాకా వెళ్లింది, అక్కడే ఆగింది. తీయకూడదని ముందుగా అనుకోలేదు, పెరెట్, ఒట్టు. చేయి లేవలేదు, అంతే. నాది లేవకపోతే ఎవరివీ లేవవు. రెండు వేల నాలుగు వందల పిట్టలు పంజరాల్లోనే కూస్తున్నాయి. నగర పెద్దల మనిషి పరుగెత్తుకొచ్చి, "తలుపులు తీయించవయ్యా ముసలాయనా" అని నా చెవిలో బుసకొట్టాడు.

"ముందు మీ తలుపు తీయండి" అన్నాను.

రాజు నా ముందు నుంచే వెళ్లాడు, నేను నెత్తిన టోపీతో ఉండగానే. ఆయన తల తిప్పనే లేదు. పట్టుపందిరి కింద పాతికేళ్ల కుర్రాడు, ఎండకి కళ్లు చికిలించుకుని ఉన్నాడు. పిట్టలు ఎగరాలని ఆయనకి తెలుసో లేదో. ఫ్లోరాన్ మాత్రం కర్ర మోస్తూ నన్ను చూసి తడబడ్డాడు. పందిరి ఒక పక్కకి ఒరిగింది.

ఊరేగింపు దాటగానే నన్ను పట్టుకుని అదే జైల్లో పడేశారు. గడ్డి మీద నికేజ్ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "మామా, నిన్నెవరు రమ్మన్నారు?" అన్నాడు. ఆ పరిస్థితిలో కూడా వాడికి నవ్వొచ్చింది. వాడి పక్కన కూర్చున్నాను. "పిట్టలు వెళ్లాయా?" అన్నాడు. లేదన్నాను. "పాపం, వాటికి గింజలు ఎవరు వేస్తారు?" అన్నాడు.

సాయంత్రం గంట కొట్టగానే తాళాలవాడు వచ్చి పేరు పిలిచాడు. "అన్సెల్మ్, పిట్టలవాడు. లే, ఇంటికి పో." రాజు ప్రవేశించిన రోజున చేసిన తప్పుకి శిక్ష లేదట, రాజుగారి సంతోషం కొద్దీ మన్నింపట. ఆ దయ వచ్చి వచ్చి నా నెత్తిన పడింది. "నా బదులు వీణ్ణి పంపండి" అన్నాను. "ఇదేమైనా సంతా, మార్చుకోవడానికి?" అని నన్ను మెడ పట్టి గెంటారు.

ఈ రోజు పొద్దున మళ్లీ అక్కడికే వెళ్లాను. గుమాస్తా గది ముందు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. రాజుకి తీయని టోపీ ఆ సిరా చేతులవాడికి తీశాను. "అయ్యా, నాకు తెలియదు. ఏం చేయాలో చెప్పండి" అన్నాను. ఈ వయసులో ఆ మాట నా నోటి నుంచి రావడం ఇదే మొదలు.

అతను చెప్పింది ఇది. చచ్చిపోయినవాడి భార్య తనకి పగ లేదని కాగితం మీద గుర్తు పెడితే, దానితో క్షమాపణ అర్జీ పెట్టుకోవచ్చట. చంపాలని కొట్టింది కాదు గనక ముద్ర పడుతుందట. ఇది ఎప్పుడైనా చేయొచ్చట. రాజు ఊళ్లోకి రానక్కర్లేదట. అడిగి ఉంటే ఏప్రిల్‌లోనే తెలిసేది.

విచారణ జూన్ ఇరవై తొమ్మిదిన, పునీత పేతురు పండుగ నాడు. ఆలోగా కాగితం రావాలి. జకెట్ దగ్గరికి వెళ్లు. మనిషిని పంపకు, నువ్వే వెళ్లు. ఈ మాట అడిగి రాస్తున్నాను, చెల్లీ.

అన్సెల్మ్


ఓర్లియాన్
జూన్ ఇరవై రెండు

అన్నయ్యా,

మూడు రోజులు ఆవిడ తలుపు తీయలేదు. నాలుగో రోజు గడప మీద కూర్చుండిపోయాను. నీళ్లకి వెళ్లడానికి తప్పక తీసింది.

"చొక్కా సరిపోయిందా మీ వాడికి?" అంది. అదీ మొదటి మాట.

"వేసుకోలేదు. మా అన్న పెట్టెలో ఉంది" అన్నాను.

"మీ అన్న రాజుకి టోపీ తీయలేదట కదా. బండివాళ్లు చెప్పుకుంటున్నారు. రాజుకి పోయేదేముంది? మాతురాన్ శవం మీ గుమ్మం ముందు నుంచే వెళ్లింది. మీ ఇంట్లోంచి ఒక్కరు బయటికి రాలేదు. కిటికీ కూడా తెరవలేదు."

నిజమే, అన్నయ్యా. భయం వేసి లోపల కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఆవిడ మా తలుపు వైపు చూస్తూనే ఉందని నాకు తట్టలేదు. పైగా ఎదురుగా చొక్కా ఆరేశాను.

"అప్పుడు రాలేదు. ఇప్పుడు వచ్చాను" అన్నాను. ఆవిడ కడవ నేను తీసుకున్నాను. నూతి దాకా ఇద్దరం నడిచాం.

తిరిగొచ్చేటప్పుడు తనే చెప్పింది. తన పెద్దవాడి చేతికి కత్తిరించే బలం వచ్చేదాకా మాతురాన్ తోట పని నికేజ్ చేయాలి, ముందు వాళ్ల తోట, తర్వాతే మన తోట. గొడవపడ్డ ఆ వరస వాళ్లది. అంతే అడిగింది. పత్రాలు రాసే ఆయన దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆవిడకి రాయడం రాదు. మాతురాన్ పెట్టే గుర్తే పెట్టింది, తీగలు కోసే చిన్న కొడవలి బొమ్మ. గీసేటప్పుడు పిడి వంకరపోయింది. మళ్లీ గీస్తానంది. వద్దన్నాను.

కాగితం ఇందులోనే ఉంది. తడవనివ్వకు.

పెరెట్


పారిస్
పునీత పేతురు పండుగ మర్నాడు

పెరెట్,

కాగితం తడవకుండా అందింది. చొక్కాలో చుట్టి పట్టుకెళ్లాను. న్యాయాధికారి ఆ కొడవలి బొమ్మని వెలుతురులో పెట్టి చూసి, ముద్ర వేయమన్నాడు. బాకాలు లేవు, పాదిరీ లేడు. అంతా అయ్యేసరికి ఉడికించిన గుడ్డు తినే అంత సేపు కూడా పట్టలేదు. నేను ఇంకా ఏదో ఉందనుకుని అక్కడే నిలబడ్డాను. "వెళ్లవయ్యా" అన్నారు.

నిన్ననే మా హక్కు కూడా పోయింది. ఒప్పందం తప్పామని వంతెన మీద మా మేకులన్నీ పీకమన్నారు. మావాళ్లు అరవై మందీ పంజరాలు దించుతున్నారు. నాతో ఎవరూ మాట్లాడటం లేదు, వాళ్ల తప్పు లేదు. ఫ్లోరాన్ తన గుమ్మంలో నిలబడి, "ఇక ఈ చోటు చప్పగా ఉంటుంది" అన్నాడు. ముప్పై ఏళ్లు ఏడ్చినవాడే.

అప్పుడు జైలు తలుపు తీశారు. నికేజ్ నువ్వు కుట్టిన చొక్కాతో బయటికి వచ్చి, ఎండకి కళ్లు తెరవలేక గడప మీదే ఆగిపోయాడు. తర్వాత వంతెన ఎక్కాడు.

నేను టోపీ తీశాను.

ఎవరికీ ఏమీ చెప్పలేదు. మావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలి గోతియే, నాకంటే ఏడాది చిన్న, తన పంజరం తలుపు ముందుగా తీశాడు. తర్వాత అందరూ తీశారు. మొదట ఒక్కటీ కదల్లేదు, పెరెట్. రెండు నెలలు పంజరాల్లో ఉన్నాయి కదా, తలుపు తీసినా కూర్చునే ఉన్నాయి. నికేజ్ ఒక పంజరంలో చేయి పెట్టి ఒక భరతపక్షిని తీసి గాలిలోకి విసిరాడు. అది అరిచింది. ఇక మిగతావి ఆగలేదు. ఆ రెక్కల చప్పుడుకి నువ్వు ఉంటే మళ్లీ బుట్ట కింద దూరేదానివి.

వాణ్ణి మంగళవారం బండిలో పంపుతున్నాను. మొదట జకెట్ గుమ్మం దగ్గర దింపమని బండివాడికి చెప్పాను. నీ ఇల్లు తర్వాత. ఆవిడ తలుపు తీసేదాకా నువ్వు నీ గుమ్మంలోనే ఉండు, లోపలికి వెళ్లకు.

నీ అన్న
అన్సెల్మ్